జిగురు ఆరేలోపు

కోడలికి అన్నం పెట్టని అత్త అనిపించుకోవడం కన్నా జైలుకు వెళ్లడం నయమని గంటమ్మ అభిప్రాయం. ఎందుకంటే ఆవిడ ముప్పై ఒక్క ఏళ్లు ఆడపిల్లల హాస్టల్లో వంటశాల నడిపిన మనిషి. పూటకు నాలుగు వందల కంచాలు. మధ్యాహ్నం పన్నెండున్నరకు, సాయంత్రం ఏడింటికి వరండాలో వేలాడే ఇత్తడి గంటను స్వయంగా తనే కొట్టేది. ఇరవై నిమిషాలు చూసి వడ్డన కిటికీ మూసేసేది. పిల్లలు పెట్టిన పేరే గంటమ్మ. రిటైరయ్యే రోజున హాస్టల్ వాళ్లు ఆ గంటనే ఊడదీసి కానుకగా ఇచ్చారు. అప్పటికే కరెంటు గంట పెట్టించుకున్నారు కాబట్టి వాళ్లకూ అది అడ్డమే.

అలాంటి మనిషిని పట్టుకుని ఒక మంగళవారం పొద్దున మందుల షాపావిడ ఒక మాట అడిగింది. గంటమ్మ మోకాలి నొప్పికి మందు కొనుక్కోవడానికి వెళ్లింది. షాపావిడ బల్ల మీదకు వంగి, గొంతు తగ్గించింది.

"ఏమండీ, మీ కోడలు నిన్న లైబ్రరీలో కళ్లు తిరిగి పడిపోయిందట కదా? ముందు రోజు నుంచీ ఏమీ తినలేదట. ఇంట్లో అంతా బాగానే ఉందా?"

"ఇంట్లో అంతా బాగానే ఉందా" అనే ప్రశ్నకు కడుపులో ఇంకో పది ప్రశ్నలుంటాయి. ఆ పదీ గంటమ్మకు వినిపించాయి. పక్కన దగ్గు మందు కోసం నిలబడ్డ ముసలాయన కూడా ఆవిడ వంక అదోలా చూశాడు. నిప్పు లేనిదే పొగ రాదు అనుకుంటున్నాడని ఆయన ముఖమే చెబుతోంది. గంటమ్మ మందు అక్కడే వదిలేసి, మోకాలి నొప్పి సంగతి కూడా మరిచిపోయి, విసవిసా ఇంటికి నడిచింది.

దారి పొడుగునా ఆవిడకు అర్థం కానిది ఒకటే. పడిపోయిన సంగతి కోడలు తనకెందుకు చెప్పలేదు? దాచిందా? రెండేళ్లుగా ఆ పిల్లను చూస్తోంది కాబట్టి జవాబు కూడా ఆవిడకు తెలుసు. దాచలేదు. చెప్పడం మరిచిపోయింది.

వాళ్లుండేది మేడ మీద. కింద షట్టరు గది కోడలి పనిగది. కోడలు పుస్తకాలు బైండింగ్ చేస్తుంది. చినిగిపోయిన లైబ్రరీ పుస్తకాలు, కోర్టు రికార్డులు, ఎవరో తాతగారి డైరీలు, ఏవైనా సరే, ఆ పిల్ల చేతిలో పడితే మళ్లీ ముప్పై ఏళ్లు బతుకుతాయి. ఆ పనితనం గురించి గంటమ్మకు ఫిర్యాదు లేదు. పుట్టింట్లో ఎవరూ నేర్పకపోయినా, ఒక ముసలి బైండర్ దగ్గర ఆరేళ్లు కూర్చుని నేర్చుకుంది. గంటమ్మ కొడుకు ఊళ్ల మధ్య తిరిగే బస్సు నడుపుతాడు. పొద్దున ఐదింటికి వెళితే రాత్రికి వస్తాడు. కాబట్టి పగలంతా ఆ ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరే. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు గానీ, వీళ్లిద్దరికీ తిండి దగ్గర తప్ప ఎక్కడా పేచీ లేదు. ఆ ఒక్క పేచీ మాత్రం రోజుకు మూడు పూటలా ఉంది.

గంటమ్మ షట్టరు గదిలోకి అడుగు పెట్టేసరికి కోడలు ఎత్తు పీట మీద కూర్చుని పుస్తకం కుడుతోంది. జుట్టుకి దారం ముక్కలు, మోచేతికి ఎండిన జిగురు. చుట్టూ అట్టలు, గుడ్డ చుట్టలు, కాగితం చెత్త. మూలన పెద్ద కటింగ్ మిషన్. దాని కత్తి మూరెడు పొడుగు. ఒక్కసారి పిడి దింపితే మూడొందల పేజీలు వెన్న కోసినట్టు తెగుతాయి. దాన్ని చూసినప్పుడల్లా గంటమ్మ గుండె ఒకసారి ఆగి కొట్టుకునేది. ఈ రోజు ఇంకొంచెం ఎక్కువసేపు ఆగింది. లైబ్రరీలో పడిపోయింది సరే, దీని ముందు పడిపోతే?

"అమ్మాయ్! నిన్న పడిపోయావటగా!"

"ఆఁ. అవునత్తయ్యా. చెప్పలేదూ?"

"మందుల షాపావిడ చెప్పింది. వీధంతా చెబుతోంది. నేను నీకు తిండి పెట్టడం లేదట!"

"అదేంటి, మీరు రోజూ పెడతారుగా," అంది కోడలు తల ఎత్తకుండా. "ఒక్క నిమిషం, ఈ ముడి వేసేసి చెబుతాను."

ఆ ఒక్క నిమిషంలో గంటమ్మ కళ్లు గది అంతా తిరిగాయి. కిటికీ కింద జిగురు పూసిన పుస్తకాలు ఐదు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. వాటి మీద చెక్క. చెక్క మీద, నిన్న మధ్యాహ్నం తను పంపిన మూడు గిన్నెల స్టీలు క్యారియర్. మూత కూడా తీయలేదు.

గంటమ్మ దాని పిడి పట్టుకుందో లేదో, కోడలు పీట మీద నుంచి గెంతింది.

"తియ్యకండి అత్తయ్యా! జిగురు ఇంకా ఆరలేదు!"

"ఇది అన్నం క్యారియర్!"

"తెలుసు. సరిగ్గా కావలసినంత బరువుంది. ప్రెస్సులో వేరే పుస్తకాలున్నాయి, ఇటుకలేమో మరీ బరువు, పుస్తకం వీపు నలిగిపోతుంది. ఇదైతే కొలిచినట్టు సరిపోయింది. జిగురు ఆరాక తిందామనుకున్నాను."

"తిని, ఖాళీ క్యారియర్ పెట్టుకోకూడదూ?"

కోడలు ఆవిడ వంక జాలిగా చూసింది. "ఖాళీ అయితే తేలికైపోతుంది కదత్తయ్యా."

గంటమ్మకు తల ప్రాణం తోకకు వచ్చింది. నాలుగు వందల మంది పిల్లల్లో అల్లరి వాళ్లను చూసింది, అలిగిన వాళ్లను చూసింది, కూరలో పురుగుందని అబద్ధం చెప్పిన వాళ్లనూ చూసింది. అన్నాన్ని బరువు కోసం వాడుకున్న మనిషిని మాత్రం పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆకలి రుచెరగదంటారు. ఈ పిల్ల ఆకలినే ఎరగదు!

ఆవిడ చేయని ప్రయత్నం లేదు. మొదటి నెలలో మేడ మెట్ల మీద నిలబడి ఇత్తడి గంట కొట్టింది. ఎదురింటి కుక్క వచ్చేది గానీ కోడలు వచ్చేది కాదు. ఫోనులో అలారం పెట్టించింది. చేతికి జిగురు ఉందని కోడలు దాన్ని మోచేత్తో నొక్కి ఆపేసేది. గోడ మీద పెద్ద అక్షరాలతో "తిను" అని కాగితం అంటించింది. వారం తిరిగేసరికి ఆ కాగితం వెనక వైపున ఏదో పుస్తకం కొలతలు రాసి ఉన్నాయి. ఎదురుగా కూర్చుని తినిపించబోతే, రెండు ముద్దలు తిని, "ఇప్పుడే వస్తా" అని లేచి, సాయంత్రం దాకా వచ్చేది కాదు. అడగందే అమ్మైనా పెట్టదంటారే, గంటమ్మ అడగకుండానే పెట్టేది, బతిమాలి పెట్టేది, తిట్టి పెట్టేది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉండేది.

వంట నచ్చక కాబోలని మొదట్లో ఏడ్చింది కూడా. ఆ సంగతి ఎవరికీ తెలియదు. ముప్పై ఒక్క ఏళ్లు అన్నం పెట్టిన చెయ్యి, ఇంట్లో ఒక్క మనిషికి పెట్టలేకపోయిందంటే ఆవిడకు అవమానం కాక ఏమిటి?

మంగళవారం రాత్రి కొడుకు రాగానే పంచాయితీ పెట్టింది. కొడుకు ఇద్దరి మొహాలూ చూసి, ఎటు మాట్లాడినా తన్నులు తప్పవని గ్రహించి, "శుక్రవారం నాకు సెలవు. డాక్టర్ దగ్గరికి తీసుకెళతాను," అన్నాడు.

"నేనూ వస్తా," అంది గంటమ్మ. "లేకపోతే ఆ డాక్టరు కూడా నేనే మాడుస్తున్నానని రాసుకుంటుంది."

ఈలోగా బుధవారం ఒకటి జరిగింది. నమలడానికి తీరిక లేకపోతే తాగడానికైనా ఉంటుందని గంటమ్మ గిన్నెడు జావ కాచింది. చిక్కగా, ఉండలు లేకుండా, తెల్లగా. తీసుకెళ్లి కోడలి చేతి పక్కనే పెట్టింది. మరిచిపోవడానికి వీల్లేనంత దగ్గరగా. పావుగంటాగి వెళ్లి చూస్తే గిన్నె సగం ఖాళీ. గంటమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తడి కళ్లతోనే చూసింది, గిన్నెలో కుంచె.

కోడలు ఆ జావతో ఒక చరిత్ర పుస్తకానికి అట్ట అంటించేసింది.

"ఇవాళ జిగురు కాస్త పల్చగా ఉందేంటా అనుకున్నా," అంది, తప్పు తెలిశాక. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "ఉప్పేశారా అత్తయ్యా? ఉప్పు తేమ లాగుతుంది. అట్టకి బూజు పట్టేస్తుంది."

గంటమ్మ గిన్నె తీసుకుని మేడ మెట్లెక్కింది. ఒక్కో మెట్టు మీదా ఒక్కో మాట అనుకుంది. అవేవీ ఇక్కడ రాసేవి కావు.

శుక్రవారం ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నాడి చూసింది, బీపీ చూసింది, కళ్ల కింద రెప్పలు లాగి చూసింది. తరవాత కాగితం పక్కన పెట్టి, అడగడం మొదలుపెట్టింది. వస్తువులు పోగొట్టుకుంటారా? మొదలుపెట్టిన పనులు మధ్యలో ఆగిపోతాయా? చెప్పిన టైముకి వెళ్లగలరా?

కోడలు నోరు తెరిచేలోపే గంటమ్మ అందుకుంది. ఈ ప్రశ్న ఎవరైనా అడగకపోతారా అని రెండేళ్లుగా కాచుకుని ఉన్న మనిషి ఆవిడ.

"గొడుగులు ఏడాదికి నాలుగు. తాళాలు లెక్కలేదు. ఒకసారి ఫ్రిజ్‌లో దొరికాయి. బీరువా సర్దుతానని బట్టలన్నీ మంచమ్మీద పడేసి కిందికెళ్లింది. మూడు రోజులు మావాడు కుర్చీలో పడుకున్నాడు. పెళ్లికెళదాం అంటే..."

"అమ్మా," అన్నాడు కొడుకు.

"అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నా!"

డాక్టరమ్మ నవ్వకుండా రాసుకుంది. తరవాత కోడలి వైపు తిరిగి, "ఆకలేస్తోందని మీకెలా తెలుస్తుంది?" అని అడిగింది.

అదేం ప్రశ్న, కడుపుంటే తెలియదూ, అనుకుంది గంటమ్మ. కోడలు మాత్రం చాలాసేపు ఆలోచించింది.

"చేతులు వణుకుతాయి. సూది చిల్లులోకి వెళ్లదు. దారం బాలేదేమో అని దారం మారుస్తాను. అయినా వెళ్లకపోతే సూది మారుస్తాను. అప్పటికీ కాకపోతే లైటు దగ్గరికి జరుపుకుంటాను. ఆ తరవాత... అప్పుడు గుర్తొస్తుంది, తినలేదని. ఒక్కోసారి అప్పుడూ రాదు."

దారం రీళ్లు ఇంత తొందరగా ఎందుకు అయిపోతున్నాయని గంటమ్మ పోయిన నెలే గొణిగింది.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. తిండి మరిచిపోవడం ఒక్కటే చూసి ఇది ఫలానా అని తేల్చలేమంది. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, మనసు బాగాలేకపోయినా తిండి మీద ధ్యాస పోతుంది. ముందు ఆ పరీక్షలు చేయించమంది. "కానీ ఈమె చెప్పినవి, మీరు చెప్పినవి అన్నీ కలిపి చూస్తే ఏడీహెచ్‌డీ కావచ్చేమో కూడా చూడాలి. దానికి స్పెషలిస్టు ఉన్నారు. చీటీ రాసిస్తాను."

"అంటే ఏంటమ్మా?"

"ధ్యాసకి సంబంధించిందండీ. ధ్యాస కుదురుగా..."

"ధ్యాస తక్కువంటారా? దీనికా?" గంటమ్మ కుర్చీ అంచుకు వచ్చేసింది. "పక్కన ఇత్తడి గంట కొడితే వినబడనంత ధ్యాస దీనిది! నా ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఇంత ధ్యాస చూళ్లేదు నేను."

ఈసారి డాక్టరమ్మ నవ్వింది. "సరిగ్గా చెప్పారు. ధ్యాస లేక కాదు. ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు తియ్యాలో తన చేతిలో లేకపోవడం. నచ్చిన పనిలో పడితే బ్రేకు పడదు. కడుపు కబురు పెడుతూనే ఉంటుంది, అది చేరదు. పొగరూ కాదు, నిర్లక్ష్యమూ కాదు. చిన్నప్పట్నుంచీ ఇలాగేనా అన్నది ముఖ్యం. స్కూల్లో ఎలా ఉండేది?"

"హాస్టల్లో చదివానండీ," అంది కోడలు. "బొమ్మేదో గీస్తూ కూర్చుంటే గంట వినబడేది. వినబడకపోవడం కాదు. ఈ ఒక్క గీత అయ్యాక లేద్దాం అనుకునేదాన్ని. వెళ్లేసరికి కిటికీ మూసేసేవాళ్లు. పొగరనేవాళ్లు. వారంలో మూడు నాలుగు రోజులు అంతే. ఆకలేస్తే నిద్ర పట్టదు కదా. అందుకని, వెయ్యనట్టే అనుకోవడం అలవాటు చేసుకున్నాను." అంతలో ఏదో గుర్తొచ్చినట్టు చటుక్కున అత్త వైపు తిరిగింది. "మీ హాస్టల్ కాదత్తయ్యా. అది వేరే ఊరు."

ఆ మాట అనకపోయినా బాగుండేది.

ఇంటికి రాగానే గంటమ్మ వంటింట్లోకి వెళ్లి నిలబడింది. గోడకు ఇత్తడి గంట వేలాడుతోంది. వారానికోసారి తోముతుంది కాబట్టి తళతళలాడుతోంది.

ఆవిడ హాస్టల్లోనూ ఉండేది అలాంటి పిల్ల. సన్నగా, మోచేతుల దాకా సిరాతో, కిటికీ మూశాక వచ్చేది. లోపల గంగాళంలో అన్నం మిగిలే ఉండేది. ఒక్కరికి తెరిస్తే రేపు అందరికీ తెరవాలి అని గంటమ్మ సిద్ధాంతం. "రేపు గంటకి రా" అని చెప్పేది. ఆ పిల్ల వాదించేది కాదు, ఏడ్చేది కాదు. సరే అన్నట్టు తలూపి వెళ్లిపోయేది. మర్నాడు మళ్లీ ఆలస్యం. ఎంత పొగరు, అన్నం అంటే లెక్కలేదు అని తోటి వంటవాళ్లతో ఎన్నిసార్లు అందో! క్రమశిక్షణ నేర్పుతున్నానని అనుకుంది. అందరికీ అన్నం పెట్టిన చెయ్యి అని ఇన్నాళ్లూ వీధంతా చెప్పుకుని తిరిగింది. తన మీద తనకే ఒళ్లు మండిపోయింది. కోపం వచ్చినప్పుడు గంటమ్మ కూర్చుని బాధపడే రకం కాదు. స్టవ్ మీద ఏదో ఒకటి పెట్టే రకం.

సోమవారం పొద్దున కోడలు ఎప్పటిలా జిగురు కాచుకోవడానికి వంటింట్లోకి వచ్చింది. మైదా, నీళ్లు, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం, దానికో విడి గిన్నె, విడి గరిటె. ఈ పని మాత్రం ఆ పిల్ల ఒక్క రోజూ మరవలేదు. పుస్తకాలకు వండటం గుర్తుంటుంది! వచ్చి చూసేసరికి ఆ గిన్నె అత్త చేతిలో ఉంది.

"ఇవాళ్టినుంచి జిగురు నేను కాస్తాను," అంది గంటమ్మ.

"ఎందుకత్తయ్యా, మీకు శ్రమ."

"నాలుగు వందల మందికి వండాను, ఒక గిన్నెడు జిగురు కాయలేనా? ఒక్కసారే కాయను. రోజుకి నాలుగుసార్లు, కొంచెం కొంచెం. గిన్నెతో పాటు కంచం కూడా వస్తుంది. కంచం ఖాళీ చేస్తేనే గిన్నె."

కోడలు ఆలోచించింది. "ఇది బెదిరింపు కదా?"

"అవును. ఇంకోటి కూడా ఉంది." గంటమ్మ కొంగు ముడి విప్పి చూపించింది. కటింగ్ మిషన్ పిడికి వేసిన తాళానికి చెవి. "ఆ కత్తి దింపాలంటే నన్ను పిలవాలి. తిన్నావని నా కళ్లతో చూస్తేనే తాళం తీస్తాను. వీధి ఏమనుకున్నా పడతాను గానీ, నీ చేతికేమైనా అయితే నేను పడలేను."

అది సులువుగా సాగిందనుకుంటే పొరపాటు. మొదటి రోజు కోడలు కంచం పట్టుకుని గదంతా తిరిగింది. రెండో రోజు బ్రెడ్డు ముక్క అట్టల మధ్య దొరికింది. నాలుగో రోజు మైలుతుత్తం వెయ్యడం గంటమ్మే మరిచిపోయి, పద్నాలుగు పుస్తకాల మీదకి చీమలు బారులు తీరాయి. ఇద్దరూ కూర్చుని తుడిచారు. గంటమ్మ చీమల్ని తిట్టింది, మైదాని తిట్టింది, ఏడీహెచ్‌డీని తిట్టింది, ఆరు వారాల తరవాత గానీ టైమివ్వని స్పెషలిస్టుని మరీ తిట్టింది. రక్తం తక్కువుందని పరీక్షలో తేలింది. దానికి మాత్రలిచ్చారు. అవి వేసుకోవడం కూడా మరిచిపోతుంది కాబట్టి, ఆ సీసా కూడా గంటమ్మ కొంగులోకే చేరింది. కొంగు బరువెక్కి మెడ లాగుతోందని రోజూ సణుగుతుంది.

కానీ ఒక సంగతి ఆవిడ కనిపెట్టింది. అట్టకి జిగురు పూసి బరువు పెట్టాక, పూర్తిగా ఆరడానికి రోజు పట్టినా, తొలి పట్టు దొరికే దాకా కోడలు దాన్ని కదపకూడదు. ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ ఆ పిల్ల చేతులు ఖాళీ. గడియారం పన్నెండున్నర కొట్టినా ఒకటే, కొట్టకపోయినా ఒకటే. ఈ ఇంట్లో భోజనం వేళ అంటే జిగురు ఆరే వేళ. ఒక రోజు పదకొండింటికి, ఒక రోజు మూడింటికి. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు చంపుకుని గంటమ్మ కంచం పట్టుకుని ఆ వేళకి మెట్లు దిగుతోంది. మోకాళ్లు తిడుతూనే ఉన్నాయి.

మొన్న గురువారం నాలుగింటికి అలాగే దిగింది. సగానికి కొట్టిన ఇటుకలు బరువు పెట్టి ఉన్నాయి. కోడలు కింద చాప మీద కూర్చుని, వేడివేడి అన్నంలో కూర కలుపుకుని, ఒక ముద్ద తర్వాత ఒక ముద్ద, ఎక్కడికీ లేవకుండా తింటోంది. సగం కంచం అయ్యాక తల ఎత్తింది.

"అత్తయ్యా, మీ హాస్టల్లో కూడా నాలాగా ఆలస్యంగా వచ్చేవాళ్లెవరైనా ఉండేవారా?"

గంటమ్మ ఎత్తు పీట మీద మోకాలు రుద్దుకుంటూ కూర్చుంది. "ఉండేది, ఒకతి."

"తరవాత తెరిచేవారా, కిటికీ?"

"లేదు."

కోడలు మళ్లీ కూర కలుపుకుంది. ఇంకో ముద్ద తింది. మళ్లీ అడిగింది. "పేరేంటి ఆ అమ్మాయిది?"

గంటమ్మ నోరు తెరిచింది. సిరా మోచేతులు గుర్తున్నాయి. ఒక జడకి రిబ్బను, ఇంకో జడకి దారం, అదీ గుర్తుంది. మూసిన కిటికీ అంచు మీద రెండు చేతులూ ఆనించి నిలబడటం కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. మూడేళ్లు ఆ పిల్లని "ఏయ్, ఆలస్యం!" అని పిలిచింది. ఎంత తన్నుకున్నా ఇంకో మాట రాలేదు.

"చెప్పరేం అత్తయ్యా?"

"మరిచిపోయాను," అంది గంటమ్మ.